కాందిశీకులకు కందిపప్పు

కేసముద్రం మార్కెట్ యార్డులో వెంకట్రాజం సేటు గొంతు వినబడని మూల లేదు. మైకు చేతికిస్తే మైకే చెవులు మూసుకుంటుందని హమాలీలు అనుకునేవారు. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఆయనది. రైతు బస్తా మూతి విప్పేలోగా ఆయన నోరు విప్పి, రెండు మాటలను మెలిపెట్టి మూడోదాన్ని పుట్టించి, నవ్వేవాళ్ల కోసం చుట్టూ చూసేవాడు. ఎవరూ నవ్వకపోతే ఆ పనీ తనే చేసుకునేవాడు. "నా పేరు వెంకట్రాజం, వెంకట్రాజీ కాదు. రాజీపడుడు నా రాశిల లేదు, మీ రాశిల తాలు లేకుంటె చాలు" అన్నది ఆయన రోజువారీ బోణీ.

ఆ యార్డులో ఒక పాత ఆనవాయితీ ఉంది. అమ్మకానికి పోసిన ప్రతి రాశి నుంచి ఒక దోసెడు గింజలు ధర్మం కింద పక్కకు తీస్తారు. చెల్లాచెదురుగా పోయే ఆ గింజలను ఒకచోట చేర్చి వెంకట్రాజం 'దోసెడు గింజల సమితి' పెట్టాడు. అధ్యక్షుడు తనే. జనగామలో బట్టల దుకాణం నడిపే జగదీష్ కోశాధికారి. ఎప్పుడూ కత్తెర పట్టుకుని ఉంటాడు గనక వెంకట్రాజం అతన్ని 'కోసే అధికారీ' అని పిలిచేవాడు. అమావాస్య నాడు యార్డుకు సెలవు. ఆ సెలవునాడు సమితివాళ్లు డీసీఎం వ్యాను నిండా బియ్యం, పప్పు, దుప్పట్లు వేసుకుని భూపాలపల్లి అవతలి అడవికి పోయేవారు.

అక్కడొక వాగు మలుపులో గొత్తికోయల గూడెం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక తుపాకికి అన్నం పెట్టారని ఇంకో తుపాకి తరిమితే, ఊళ్లు కాలిపోతే, గోదావరి దాటి వచ్చిన కుటుంబాలు. అక్కడివాళ్ల లెక్కలో పారిపోయినవాళ్లు, ఇక్కడివాళ్ల లెక్కలో చొరబడినవాళ్లు. రేషన్ కార్డు లేదు, పట్టా లేదు, అడిగితే చెప్పుకోవడానికి ఊరు పేరు కూడా లేదు. పేపర్లో ఎవరో వాళ్లను కాందిశీకులు అని రాశారు. వెంకట్రాజానికి ఆ మాట తెగ నచ్చింది, మాటలోనే కంది ఉంది కదా! 'కాందిశీకులకు కందిపప్పు' అని బ్యానరు రాయించి వ్యాను ముందు కట్టించాడు.

వాళ్ల భాష వచ్చిన మనిషి సీతాబాయి ఒక్కతే. మహబూబాబాద్ పక్క తండాలో ఉంటుంది. మిరప చేలకు కూలీలను తోలుకొచ్చే మేస్త్రీ. ఏటా ఈ గూడెం జనాన్ని ట్రాలీలో ఎక్కించుకుపోయి, ఏళ్లు గడిచేసరికి వాళ్ల మాట పట్టుకుంది. మొదటిసారి వెంకట్రాజం గూడెం నడుమ నిలబడి, "మిరప కోయ పోయేది కోయలే, కోయకుంటె కూర లేదు కోయలకు!" అని అరిచి పగలబడి నవ్వాడు. గూడెం జనం సీతాబాయి మొహం చూశారు. ఆమె ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. జనం జాలిగా తలలూపారు.

"ఏం జెప్పినవ్ బాయీ? నవ్వుతలేరేంది?"

"సేటుకు దగ్గొచ్చిందని చెప్పిన."

గూడెంలో దేవే అనే ఆమె ఉండేది. చంకలో ఆడపిల్ల. సమితివాళ్లు వచ్చినప్పుడల్లా బియ్యం పట్టడానికి అందరికంటే వెనక వచ్చి, సీతాబాయిని ఒకే ఒక్క సంగతి అడిగేది. గోదావరి దాటిన రోజు ఆమె భర్త ఉంగా, వెనకబడ్డ ముసలితల్లి కోసం తిరిగి పోయాడు. పోతూ పోతూ, ఈ వాగు పట్టుకుని ఎగువకు నడవమనీ, సాపు బండ దగ్గర ఆగమనీ, తాను అక్కడికే వస్తాననీ చెప్పాడు. దేవే ఆ బండకు ఎదురుగానే గుడిసె వేసుకుంది. రెండు వానకాలాలు పోయాయి. దారిలో అలాంటి మనిషి ఎవరైనా కనబడ్డాడా అన్నదే ఆమె ప్రశ్న.

"రందివడకు చెల్లె" అన్నాడు వెంకట్రాజం ఒకసారి. "తెలంగాణ ముందొస్తదో నీ మొగడు ముందొస్తడో నాకు ఎర్క లేదు గని, ఇద్దరు వచ్చుడైతె ఖాయం. రాకుంటె నేనే పోయి పట్టుకొస్త."

దీన్ని సీతాబాయి ఉన్నదున్నట్టు చెప్పింది. దేవే మొట్టమొదటిసారి నవ్వింది. తన మాటకు నవ్వు వచ్చిందని ఆయన పొంగిపోయాడు. అది మాటకు వచ్చిన నవ్వు కాదని ఆయనకు అప్పుడు తట్టలేదు.

చిక్కల్లా దారితోనే. డీసీఎం రోడ్డు మీదే ఆగిపోయేది. అక్కణ్నుంచి బస్తాలు భుజాన వేసుకుని గుట్ట చుట్టి, వాగులో మోకాలిలోతు దిగి పోవాలి. వాగు ఒడ్డున వెంకట్రాజం వాగుడు ఆగేది కాదు గానీ మిగతా దాతలు డీలాపడిపోయేవారు. జగదీష్ ఒకసారి తోలు బూట్లు నెత్తిన పెట్టుకుని దిగాడు. ఒక బూటు జారి నీళ్లలో కొట్టుకుపోయింది. రెండోదాన్ని చేత్తో పట్టుకుని ఒడ్డెక్కి, "అన్నా, దానం జేద్దామని వస్తె నేనే దానమైన. గీళ్లు జర రోడ్డుకు దగ్గర ఉండరాదే?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాట మాత్రం వెంకట్రాజం బుర్రలో గింజలా పడి ఉండిపోయింది.

అది మొలకెత్తింది రెండు వేల పదకొండులో, సకల జనుల సమ్మె రోజుల్లో.

యార్డు మూతబడింది. బస్సులు డిపోల్లో, టీచర్లు టెంట్లలో, ఆఫీసులకు తాళాలు. రైలు పట్టాల మీద జనం, రోడ్ల మీద పొయ్యిలు. కేసముద్రంలో నడిరోడ్డు మీద వంటావార్పు పెడితే వెంకట్రాజం తలకు గులాబీ కండువా చుట్టుకుని గరిట తిప్పాడు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. "వంటావార్పు కాదిది, వంటావార్త!" అని ఊరంతా తిరిగి చూపించాడు. సొమ్ము పోయినా సమ్మె పోవద్దన్నాడు. తహసీలు ఆఫీసు గేటుకు తాళం వేసినప్పుడు ఆ తాళంచెవి తన జేబులోనే పెట్టుకున్నాడు. అరవై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని గోడు రోడ్డు మీదికి రాగానే ఢిల్లీ దాకా వినబడుతోందని ఆయనకు నిజంగా కళ్లు చెమర్చాయి. ఇంట్లో ఉన్నోడికి ఇంతే, రోడ్డెక్కినోడికి ఎంతైనా! ఈ పాఠం ఒంటబట్టించుకుని ఆ అమావాస్యకు వ్యాను తీశాడు. ముందర జెండా కట్టి, ప్రతి రాస్తారోకో దగ్గరా జై తెలంగాణ అని అరుస్తూ దారి తెరిపించుకుంటూ గూడెం చేరాడు.

గూడెం పెద్దను, నలుగురిని కూర్చోబెట్టాడు.

"మీరు గీ వాగులల్ల దాక్కుంటె ఎవ్వనికి కనబడ్తరు? కనబడనోనికి కార్డిస్తరా? మా దిక్కు జూడుండ్రి. మేం రోడ్డు మీద కూసున్నం, సర్కారు ఇగ దిగొచ్చుడే. మీరు గూడ రోడ్డు మీదికి రాండ్రి. గుడిసెలకు తాటాకు నేనిప్పిస్త, బొంగులు నేనిప్పిస్త."

సీతాబాయి చెప్పింది. పెద్దమనిషి నేలమీద పుల్లతో ఒక గీత గీసి, ఏదో అన్నాడు.

"రోడ్డంటె జీపులొస్తయి అంటున్నడు సేటు. వాళ్ల ఊరికి రోడ్డు పడ్డంకనే జీపులొచ్చినయట, జీపులొచ్చినంకనే ఊరు గాలిందట."

"ఏ జీపులు బాయీ? సమ్మెల జీపులన్ని షెడ్డుల వన్నయి! నువ్వు జెప్పు, నీకు గూడ మంచిదే గదా. ట్రాలీ ఇంటి ముంగటికే వస్తది."

సీతాబాయి గుట్ట వైపు చూసింది. నిజమే మరి, మిరప పని రోజుల్లో చీకటితో లేచి ఈ గుట్ట ఎక్కడం ఆమెకూ ప్రాణసంకటమే. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి సేటు చెప్పమన్నదానికంటే కాస్త ఎక్కువే చెప్పింది.

దేవే మాత్రం లేచి నిలబడింది. తను రానంది. ఆయనకు వాగు తెలుసు, రోడ్డు తెలియదంది.

"రోడ్డు తెల్వనోడు ఉంటడా చెల్లె! గక్కడైతె పోయేటోళ్లు వచ్చేటోళ్లు అందరు కనబడ్తరు. సగం దూరం నువ్వే ఎదురు వోయినట్టు" అన్నాడు వెంకట్రాజం. తర్వాత వెళ్లడానికి లేస్తూ, పంచె దులుపుకుంటూ, మంచి మనసుతోనే ఇంకో మాట కలిపాడు. "ఎట్లైనగాని, ఇప్పటిసంది బియ్యం పప్పు రోడ్డు కాడనే ఇస్తం. గీ వాగు దాటుడు మా వశం గాదు."

ఆయన దాన్ని సౌకర్యం అనుకుని చెప్పాడు. వినేవాళ్ల కడుపుకు అది ఆజ్ఞలా వినబడింది. వారం తిరక్కుండానే గూడెం రోడ్డంచుకు వచ్చింది. దేవే కూడా వచ్చింది. బిడ్డకు తిండి కావాలి కదా.

ఇక చూడాలి దాతల జోరు! కార్లు నేరుగా గుడిసెల ముందు ఆగుతున్నాయి. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి కుటుంబాలతో సహా దిగి, దుప్పట్లు ఇచ్చి చప్పట్లు పట్టుకుపోతున్నారు. జగదీష్ కొత్త బూట్లు కొన్నాడు. వాటికి మట్టి కూడా అంటలేదు. "చూసినవా బాయీ, ఒక్క ఆఫీసరన్న ఒక్క మాటన్నడా? రోడ్డు మీద ఉన్నోన్ని ఎవ్వడు కదిలియ్యడు" అన్నాడు వెంకట్రాజం. ఆఫీసర్లు ఏమీ అనకపోవడానికి కారణం, ఆఫీసు తాళంచెవి, ఆయన జేబులోనే గలగలమంటోంది. ఆయన ఆ చప్పుడును జై కొట్టడంగానే విన్నాడు.

దేవే తెల్లవారుతూనే వాగు మలుపుకు నడిచి వెళ్లి, సాపు బండ దగ్గర కాసేపు కూర్చుని, పొద్దెక్కాక తిరిగి వచ్చేది. రోడ్డు మీద నిలబడి రాకపోకలు చూడమని వెంకట్రాజం సలహా ఇచ్చాడు. ఏదైనా బండి చప్పుడు కాగానే ఆమె గుడిసె వెనక్కి పోయేది. ఇదేం చోద్యం, మొగుడి కోసం రోడ్డు మీదికొచ్చి మొహం దాచుకుంటుందని ఆయన జోకు వేశాడు. సీతాబాయి దాన్ని చెప్పలేదు, దగ్గని కూడా చెప్పలేదు.

అక్టోబరు చివరలో సమ్మె ఆగింది. తాళాలు తీశారు. ఆ వెంటనే దీపావళి అమావాస్య. మామూలు అమావాస్య అయితే వ్యాను కదిలేదే. దీపావళి నాడు దుకాణంలో లక్ష్మీపూజ, కొత్త చిట్టా మొదలుపెట్టే రోజు. కోమట్ల ఇంట ఆ పూట అడవికి ఎవరు పోతారు? పూజకు భార్య యశోద పళ్లెంలో పసుపు, కుంకుమ సర్దుతోంది. వెంకట్రాజం త్రాసుకు బొట్టు పెడుతూ, "లక్ష్మీ తూకం వెయ్యమ్మా, తుపాకం గాదు" అని ఏదో అంటుండగా ఫోను మోగింది. సీతాబాయి.

"సేటూ, గుడిసెలు వీకేసిన్రు."

"ఎవ్వలు?"

"జంగ్లాతోళ్లు, ఫారెస్టు ఆఫీసోళ్లు. ఆఫీసు తెరిచిన్రో లేదో పొద్దుగాలనే వచ్చిన్రు. లోపట ఉన్నన్నాళ్లు మాకు కనబడలె, రోడ్డు మీదికొస్తె పైనోళ్లకు మేమేం జెప్పుకోవాలె అన్నరట. బొంగులన్ని ట్రాక్టరుకు కట్టి గుంజిన్రు."

"మన మనుషులో?"

"ఉర్కిన్రు. ఎటు దొరికితె అటు."

ఆయన బొట్టు పెడుతున్న వేలు త్రాసు మీదే ఉండిపోయింది. యశోద దగ్గరికి వచ్చి మొహం చూసింది. ఆమెకు ఈయన నోరు మూతబడటం పెళ్లినాటి నుంచి కొత్త.

"ఏందయ్యా? ఏమైంది?"

చెప్పాడు.

"నువ్వు మంచికే జేసినవ్ గదా" అంది ఆమె.

"మంచికే జేసిన యశోదా. గదే పరేషాన్. చెడుకు జేసుంటె ఇప్పుడు తిట్టుకుంటె సరిపోతుండె."

బయట పటాకులు పేలుతున్నాయి. ఒక్కొక్క పేలుడుకూ ఆయన ఉలిక్కిపడుతున్నాడు. ఇలాంటి చప్పుడు వింటే గూడెంవాళ్లు ఎటు పరిగెత్తుతారో ఆయనకు కళ్లకు కట్టింది. పూజ ప్రసాదం చేతిలో పెడితే నోట్లో పెట్టుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. బ్యానరు విప్పి వ్యాను సీటు కింద కుక్కాడు. రోడ్డంచున సీతాబాయి ఒంటరిగా నిలబడి ఉంది. గుడిసెలున్న చోట గుంటలు, విరిగిన బొంగులు, చినిగిన దుప్పట్లు. కంకర మీద కందిపప్పు పచ్చగా చల్లినట్టు పరుచుకుని ఉంది. చీమలు బారులు కట్టి మోసుకుపోతున్నాయి. ఎవరో చిన్నపిల్ల చేతిగాజు ఒకటి టైరు గుర్తులో నొక్కుకుపోయి ఉంది. వెంకట్రాజం వంగి దాన్ని తీయబోయి, తీసి ఏం చేయాలో తెలియక వదిలేశాడు.

"దేవే?"

"బిడ్డనెత్తుకొని కొందరితోని గుట్ట కిందికి వోయిందంటున్రు. రోజు లెక్కనే పొద్దుగాల వాగు దిక్కు వోతనంటె జంగ్లాతోళ్లు పోనియ్యలేదట, ఆ దిక్కు అడ్డం నిలవడి అందర్ని కిందికి తోలిన్రట."

"వాగు కాడికి పోదాం పా."

"గక్కడ ఎవ్వలుంటరు సేటు? పాత బొగ్గులుంటయి."

"పోదాం పా బాయీ."

ఇద్దరూ గుట్ట చుట్టి నడిచారు. ఆయన వాగులో దిగినప్పుడు పంచె కూడా ఎత్తుకోలేదు. ఇంతదూరం ఒక్క మాట మాట్లాడలేదు. సీతాబాయి మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, మనిషి వస్తున్నాడా లేదా అని చూసుకుంది.

సాపు బండ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బక్కపలచగా, పాదానికి చుట్టిన గుడ్డ నల్లబడి. వీళ్లను చూడగానే లేచి చెట్ల వెనక్కి పోయాడు. సీతాబాయి అక్కడే నిలబడి, మెల్లగా పిలిచింది. మళ్లీ పిలిచింది. చాలాసేపటికి చెట్టు చాటు నుంచే ఒక గొంతు జవాబు చెప్పింది. మాటలు వెంకట్రాజానికి అర్థం కాలేదు. దేవే అన్న పేరు మాత్రం వినబడింది.

"ఉంగానే" అంది సీతాబాయి. "నిన్న పొద్దుగాల వచ్చిండట. తల్లి తోవలనే చచ్చిపోయిందట. వచ్చి జూస్తె గుడిసెల్లెవ్వు, మనుషుల్లేరు. రోడ్డు దిక్కు నుంచి లొల్లి, ఏడుపులు వినబడ్డయట. ఇక్కడ గూడ మా ఊరి లెక్కనే అయితున్నదనుకొని దాసుకున్నడట."

ఆ ఏడుపుల్లో ఒకటి దేవేదే. వెంకట్రాజం బండ మీద కూలబడ్డాడు. ఆమెను ఈ బండకు ఎదురుగా ఉండనిచ్చి ఉంటే నిన్న పొద్దుటికే ఆ పిల్ల తండ్రి చంకలో ఉండేది. తాటాకు తానే ఇచ్చాడు. బొంగులూ తానే ఇచ్చాడు. వాటినే ట్రాక్టరు గుంజుకుపోయింది.

"చెప్పు బాయీ. నేనే కదిలిచ్చిన అని చెప్పు. తప్పంత నాదే, గీ సేటుదే అని చెప్పు ఆయనకు."

సీతాబాయి ఆయన వైపు తిరిగింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు? చెప్పుకొని నువ్వు ఇంటికి వోయి కడుపు నిండ తినెటందుకా? నీ తప్పు ఆయనేం జేసుకుంటడు సేటు? వండుకుంటడా, కప్పుకుంటడా? పెండ్లాం జాడ గావాలె ఆయనకు. నా తప్పుంది దీంట్ల, నేను జెప్పుకుంటున్ననా?"

ఆయన రోడ్డు వైపు చెయ్యి చాపాడు.

"వ్యానుల ఎక్కమను. అన్ని గూడేలు తిప్పుత. ఎంత దూరమైన తిప్పుత."

ఆమె అడిగింది. చెట్టు వెనక నుంచి జవాబు వెంటనే వచ్చింది, ఒకే ఒక్క ముక్క. దాన్ని మార్చి చెప్పే అవసరం రాలేదు.

"నేను ఆయన్ని ఎంబడివెట్టుకొని లోపటి తోవల పోత" అంది సీతాబాయి. "గుట్ట కింద నాకెర్కున్న గూడేలు నాలుగున్నయి. నువ్వు మా తోని నడువలేవు. నువ్విక్కడనే ఉండు. దేవే ఎటునుంచన్న తిరిగొస్తె బండ కాడికే వస్తది. మనిషి లేకుంటె మళ్ల ఎల్లిపోతది."

"ఉంట. వస్తె ఏం జెప్పాలె? నాకు మాట రాదు గద బాయీ."

సీతాబాయి వాళ్ల భాషలో రెండు మాటలు నేర్పింది. వచ్చాడు అని ఒకటి, ఇక్కడే ఉండు అని ఒకటి. వెంకట్రాజం పలికాడు. తప్పుపోయింది. మళ్లీ పలికాడు. అప్పుడు చెట్టు చాటు నుంచి ఉంగా ఒక అడుగు బయటికి వేసి, ఈ మనిషి ఎవరో, ఏం చేశాడో తెలియకుండానే, ఆ మాటను నెమ్మదిగా, సరిగ్గా పలికి చూపించాడు. వెంకట్రాజం అతని పెదవులు చూస్తూ మూడోసారి పలికాడు. ఉంగా తల ఊపాడు.

వాళ్లిద్దరూ వాగు వెంట దిగువకు పోయారు. కుంటుతున్న మనిషి ముందు, సీతాబాయి వెనక. ఆకుల చప్పుడు దూరమై ఆగిపోయింది.

ఆయన బండ మీద ఒక పక్కకు జరిగి కూర్చున్నాడు, నడుమ కూర్చోవడానికి మనసొప్పలేదు. యార్డులో అయితే ఈపాటికి ఆ రెండు మాటలను విరిచి, తిప్పి, ఇంకేదో చేసి ఉండేవాడు. ఇప్పుడు వాటిని కదిలించడానికే భయమేసింది, ఎక్కడ ఒక అక్షరం రాలిపోతుందోనని. పెదవుల మీదే మెల్లగా అనుకుంటున్నాడు. వచ్చాడు. ఇక్కడే ఉండు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎగువన ఎక్కడో రాయి దొర్లిన చప్పుడైంది. ఆయన గబుక్కున లేవబోయి, లేస్తే భయపడుతుందేమోనని మళ్లీ కూర్చుండిపోయి, అటే చూస్తూ మొదటి మాటను నాలుక మీద సిద్ధం చేసుకున్నాడు.